రాగి మీద ఎడమా కుడీ

మా వదినకి ఏదైనా సన్నపని చేసేటప్పుడు నాలుక కొన పెదాల మధ్య బిగపట్టే అలవాటు ఉంది. ఉండేది అనాలి. ఆ మాట నాకింకా నోరు తిరగడం లేదు. సూదిలో దారం ఎక్కించినా, తీగకి టంకం పెట్టినా, పిల్లదాని వేలిలో గుచ్చుకున్న పుల్ల తీసినా అదే ముఖం.

"నాలుక లోపల పెట్టవే, ఎండిపోతుంది" అనేది మా అమ్మ.

"మీ ముందు దానికి వేరే పని ఎప్పుడు తగిలింది అత్తయ్యా, పాపం కాస్త గాలి పీల్చుకోనీండి" అనేది వదిన.

ఆ అత్తాకోడళ్ళ మాటలు విని కొత్తవాళ్ళు నిజంగా తగువే అనుకుని చెప్పులు వెతుక్కునేవారు.

మా అన్నయ్య టైలరు. కింద షాపు, పైన ఇల్లు. వదిన యూనివర్సిటీలో సైంటిస్టు. ఈ ఇద్దరికీ పొత్తు ఎక్కడ కుదిరిందని అడగని చుట్టం లేడు. కుదిర్చింది ఒక తెల్లకోటు. ల్యాబులో ఇచ్చే కోట్లన్నీ మగవాళ్ళ కొలతలవి. వదిన వేసుకుంటే చేతులు మోకాళ్ళ దాకా వేలాడేవట. తన కొలతకి ఒకటి కుట్టించుకుందామని గుడ్డ పట్టుకుని మా షాపుకి వచ్చింది. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుకుగా ఉండే గుడ్డ అది.

కోటు చెయ్యి కత్తిరించేటప్పుడు భుజం దగ్గర ముందువైపు కాస్త లోతుగా, వెనకవైపు తక్కువగా తీస్తారు. రెండు చేతులకీ కాగితం నమూనా ఒకటే, కానీ రెండోదానికి దాన్ని తిరగేసి పెట్టాలి. మా అన్నయ్య ఆ రోజు ఏ ధ్యాసలో ఉన్నాడో (ఏ ధ్యాసో నాకు తెలుసులే అనేది అమ్మ) తిరగెయ్యకుండానే కత్తెర పెట్టేశాడు. రెండూ ఎడమ చేతులే వచ్చాయి. రెండువైపులా ఒకేలా ఉండే గుడ్డయితే ఒకదాన్ని తిప్పి కుట్టేసేవాడు. దీనికి మంచివైపు ఒకటే.

వదిన వచ్చేసరికి అన్నయ్య ముఖం చెమటలు పట్టి ఉంది. "పొరపాటయిందండీ. రెండూ ఒకే చెయ్యి అయిపోయాయి."

ఆవిడ కోప్పడలేదు. ఆ రెండు ముక్కలూ బల్ల మీద పక్కపక్కన పరిచింది. ఒకదాన్ని తిరగేసింది. మళ్ళీ మామూలుగా పెట్టింది. మళ్ళీ తిరగేసి, గట్టిగా నవ్వడం మొదలుపెట్టింది.

"ఇవి నాకిచ్చెయ్యండి."

"పాడైపోయిన ముక్కలండీ, ఏం చేసుకుంటారు?"

"పాఠం చెప్పుకుంటాను. ఏడాది నుంచి పిల్లలకి బోర్డు మీద గీసి గీసి చెప్పలేకపోతున్నదాన్ని మీరు ఒక్క కత్తిరింపులో చెప్పేశారు."

ఆ పాఠం ఏమిటో మాకు పెళ్ళయ్యాక తెలిసింది. అమ్మ ఒకసారి పట్టుబట్టి కోడలి ఆఫీసు చూస్తానని బయల్దేరింది. నేను తోడు వెళ్ళాను. గదినిండా ఒక పెద్ద స్టీలు యంత్రం, దానికి గుండ్రటి గాజు కిటికీలు, చుట్టూ పంపులు. లోపలున్న గాలంతా తోడేసి, గోడలకి అంటుకున్న చెమ్మ కూడా పోవడానికి యంత్రాన్ని మొత్తం అల్యూమినియం రేకులో చుట్టి వేడి చేస్తున్నారు ఆ రోజు.

అమ్మ దాని చుట్టూ తిరిగి, "ఇంత మూట కట్టారు, ఎవరికే క్యారేజీ?" అంది.

వదిన ఓపిగ్గా చెప్పింది. లోపల గోరంత రాగి బిళ్ళ ఉంటుంది. దాని మీద కొన్ని అణువుల్ని చల్లుతారు. ఆ అణువు కాగితం ముక్కలాగా బల్లపరుపుగా ఉంటుంది. ఎగిరేటప్పుడు దానికి ఎడమా లేదు, కుడీ లేదు, ఎటు పడితే అటు దొర్లుతుంది. రాగి మీద వాలిందంటే మాత్రం ఒక ముఖం లోహానికి అతుక్కుపోతుంది. ఇక తిరగబడలేదు. బోర్లా పడితే ఎడమది, వెల్లకిలా పడితే కుడిది. పుట్టుకతో లేని తేడా ఆ వాలడంలో పుడుతుంది. మామూలుగా సగం ఇటూ సగం అటూ పడి, ఎడమవన్నీ ఒకచోట, కుడివన్నీ ఒకచోట జట్లు కడతాయి.

"అయితే నీ పనేంటి మరి, వాటికి తగువు తీర్చడమా?"

"ఒక పక్షాన్ని నెగ్గించడం అత్తయ్యా. పుట్టుకతోనే ఎడమవైన వేరే అణువులుంటాయి. వాటిని చిటికెడు కలుపుతాను. మిగతావన్నీ వాటి మాట విని ఒకే పక్షానికి వచ్చేస్తాయి."

"ఇంత గుంపులో నలుగురు గట్టిగా మాట్లాడితే అందరూ అటే తిరుగుతారంటావు. ఇందులో కనిపెట్టడానికేముందే, మా ఆడపడుచులు అలాగే ఇల్లేలారు" అంది అమ్మ.

వదిన ఆ మాటని ల్యాబులో అందరికీ చెప్పుకుంది.

ఈ అణువులు ఏ కంటికీ కనిపించవు. ఒక సన్నటి సూదిని రాగికి తగలకుండా, తగిలేంత దగ్గరగా, అడ్డంగా నిలువుగా నడిపిస్తారు. చీకట్లో స్విచ్చి కోసం గోడ తడిమినట్టు అది తడుముతూ పోతే తెర మీద బొమ్మ ఏర్పడుతుంది. ఆ సూదిని కదిపేది వేలెడంత గొట్టం, దానికి నాలుగువైపులా నాలుగు తీగలు. ఈ తీగల సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా కథ అర్థమవుతుంది.

వదిన తేల్చిన విషయం ఇది: ఎడమ అణువుని చిటికెడు కలిపితే మొత్తం పొర ఎడమకి తిరుగుతుంది. ప్రొఫెసర్ గారి పేరు ముందు, వదిన పేరు వెనక పెట్టి అది అచ్చయింది. ల్యాబులో ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి వేరే ఊరి యూనివర్సిటీలో ఒక అమ్మాయి అదే అణువు, అదే రాగి తీసుకుని ఉల్టా చెప్పింది. ఎడమది కలిపితే పొర కుడికి తిరుగుతోందంది. వదినవాళ్ళ ల్యాబులో ఆ అమ్మాయికి 'ప్రతిపక్షం' అని పేరు పెట్టారు. పెట్టింది వదినే.

ఒక సభలో ప్రతిపక్షం తన బొమ్మలు చూపిస్తుంటే వదిన లేచి నిలబడింది. మర్యాదగానే, "మీ యంత్రం ఒకసారి సరిచూసుకోండి" అంది. అందరూ తల ఊపారు. వదిన మాటంటే అంత గురి. ఆ అమ్మాయిది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. పొడిగించాలా వద్దా అని వాళ్ళ కమిటీ వదిన అభిప్రాయం అడిగితే, కష్టపడే మనిషే గానీ కొలతల్లో జాగ్రత్త చాలదని రాసి పంపింది. కావాలని రాయలేదు. నమ్మి రాసింది.

పెద్దాయన రిటైరయ్యే రోజులు దగ్గర పడ్డాయి. ఆయన కుర్చీ వదినకే అని అందరూ అనుకుంటున్నారు. ఆయన వీడ్కోలు సంచికలో వెయ్యడానికి వదినకి ఇంకొక్క బొమ్మ కావలసి వచ్చింది. రాగి మీద ఎలా కూర్చుంటుందో ఎప్పుడో లోకానికంతటికీ తెలిసిన ఒక ఎడమ అణువు, సీసాలో దొరుకుతుంది. తెప్పించింది. బొమ్మ తీసింది. కుడిది వచ్చింది.

ఆ రోజు షాపులో ఫోను పట్టుకుని సీసా అమ్మినవాడి మీద విరుచుకుపడడం నేను విన్నాను.

"ఎడమది అడిగితే కుడిది పంపారేంటండీ? సీసా మీద ఒకటి, సీసాలో ఒకటీనా?"

అవతలివాడి గొంతు మాకందరికీ వినిపించేంత గట్టిగా ఉంది. "మేడమ్, అదే పెట్టెలోంచి ఇంకో నాలుగు చోట్లకి పంపాం. ఎవరూ ఏమీ అనలేదే!"

"వాళ్ళు చూసి ఉండరు."

"మీరొక్కరే చూశారంటారు!"

వదిన ఫోను పెట్టేసింది. అన్నయ్య మిషను ఆపకుండా, "రెండు కాళ్ళకీ ఒకే చెప్పు పంపాడా?" అన్నాడు.

"వీడిని నమ్మకూడదు. ఇంకో కంపెనీది తెప్పిస్తా."

తెప్పించింది. అదీ కుడిదే వచ్చింది.

ఆ సాయంత్రం షాపుకి వచ్చి గుండీల డబ్బాల పక్కన స్టూలు మీద కూర్చుంది. నాలుక కొన పెదాల మధ్య బిగపట్టి ఉంది. చేతిలో పనేమీ లేదు. అన్నయ్య అది చూసి మిషను ఆపాడు.

"ఏమైంది?"

"సీసాలు మంచివే" అంది వదిన. "గొట్టాన్ని బయటికి తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. సూదిని కుడికి వెళ్ళమంటే ఎడమకి పోతోంది."

మూడేళ్ళ కిందట ఒక తీగ ఊడితే ఆ నాలుగింటికీ మళ్ళీ టంకం పెట్టింది తనే. పైనుంచి చెయ్యి పట్టక, బల్ల కిందకి దూరి, వెల్లకిలా పడుకుని, గొట్టాన్ని అడుగు నుంచి చూస్తూ పెట్టింది. బొమ్మలో గీసుకున్నది పైనుంచి చూసినట్టు. అడుగు నుంచి చూస్తే కుడి ఎడమలు మారిపోతాయి. ఆ రెండు తీగలూ మారిపోయాయి. అప్పటినుంచి యంత్రం ప్రతి బొమ్మనీ అద్దంలో చూపిస్తోంది. ఒట్టి రాగి అద్దంలో చూసినా ఒకేలా ఉంటుంది, తేనెపట్టు గదుల్లాగా. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు. ఎడమ కుడి ఉన్న వస్తువు పెట్టినప్పుడే తేడా వస్తుంది. వదిన పెట్టినవన్నీ అవే.

"అంటే ఆ ప్రతిపక్షం..." అన్నాన్నేను.

"ఆ అమ్మాయిదే నిజం. నేను తప్పన్న ప్రతి బొమ్మా నిజమే. వచ్చే నెల వాళ్ళ కమిటీ కూర్చుంటోంది. నా అభిప్రాయం వాళ్ళ బల్ల మీద ఉంది" అంది.

రెండు రోజులకి పెద్దాయన షాపుకి వచ్చాడు. వీడ్కోలు రోజు వేసుకోడానికి కోటు కుట్టించుకుంటున్నాడు, కొలతలివ్వాలి. వదిన ముందే ఆయనకి అంతా చెప్పింది. ఆయన మాట్లాడదామనే వచ్చాడని ముఖం చూస్తే తెలుస్తోంది. కానీ మాట్లాడుతున్నప్పుడు చేతులు తిప్పడం ఆయనకి అలవాటు, అన్నయ్యేమో ఆ చేతుల్ని వదలడం లేదు.

"చేతులు పైకెత్తండి సార్."

ఎత్తాడు. అలాగే నిలబడి, "అమ్మాయ్, నిజం చెప్పొద్దని నేననడం లేదు" అన్నాడు.

"చెప్పమనీ అనడం లేదు కద సార్."

"ఆగమంటున్నాను. కమిటీలవీ అయిపోనీ. నా కుర్చీలో నువ్వు కూర్చో. ఆనక తీరిగ్గా రాయి, నేనూ సంతకం పెడతాను."

"ఆనక రాస్తే ఆ అమ్మాయి ఉద్యోగం వెనక్కి వస్తుందా?"

"చిన్నపిల్ల. ఇంకోటి చూసుకుంటుంది. మాస్టారూ, చేతులు దించొచ్చా?"

"ఛాతీ కాలేదు సార్. ఊపిరి వదిలేయండి."

ఆయన ఊపిరి వదిలాడు. దాంతోపాటు ఆ పెద్దరికం కూడా కొంత వదిలింది. నెమ్మదిగా అన్నాడు: "ఆ వ్యాసం మీద నా పేరు ముందుందమ్మా. అందరూ దండలేసి పంపే రోజున, ఈయన చివరి పని తప్పటగా అని వెనక గుసగుసలాడుకుంటారు. నలభై ఏళ్ళలో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు."

అన్నయ్య టేపు ఆయన నడుం చుట్టూ తిప్పి పట్టుకుని, కొలత చూడడం మర్చిపోయాడు.

"టంకం పెట్టింది నేను సార్" అంది వదిన. "మీకు తెలియదని, పొరపాటు నాదొక్కదానిదేనని రాస్తాను."

"రాసినా నా పేరు అక్కడే ఉంటుంది కదా."

"ఉంటుంది సార్." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఊళ్ళోకి కొత్తగా వచ్చినప్పుడు తనకి ఆ యంత్రాన్ని నమ్మి అప్పజెప్పింది ఆయనే.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "నడుం దగ్గర కాస్త వదులుగా పెట్టండి మాస్టారూ, ఇక ఇంట్లో కూర్చోవడమే కదా" అనేసి వెళ్ళిపోయాడు. కోపంగా వెళ్ళి ఉంటే బాగుండేదని తర్వాత వదిన అంది.

ఆ పూట ఆవిడ కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతోంది. అమ్మ చూసి చూసి అడిగింది.

"నువ్వు నోరు మూసుకుంటే ఎవరి కూడు పోతుంది?"

"ఆ పిల్లది."

"తెరిస్తే?"

"కూడు పోదు. పెద్ద కుర్చీ పోతుంది."

"కుర్చీయేగా. మనింట్లో నాలుగున్నాయి, ఒకటి విరిగింది కూడా. తిను."

వదిన తింది. మర్నాడు పొద్దున్నే కమిటీకీ, వ్యాసం అచ్చువేసిన పత్రికకీ తన పేరుతో రాసి పంపింది.

దాని తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను. కుర్చీ వదినకి రాలేదు. బయటినుంచి ఒకాయన్ని తెచ్చారు. మంచివాడే, వదినకన్నా చిన్నవాడు, ప్రతిదానికీ వదిననే అడిగేవాడు. ఆవిడ జబ్బుపడేదాకా ఆయన కిందే పనిచేసింది. పెద్దాయన వీడ్కోలు సభకి కొత్తకోటు వేసుకునే వచ్చాడు. గుసగుసలు వినిపించాయి. ఆయన వదినని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు గానీ మాట్లాడలేదు. ఆ అమ్మాయికి ఉద్యోగం పొడిగించారు. మా వదిన గురించి ఈ మాత్రం చాలామందికి తెలుసు. నేను రాయాలనుకున్నది ఎవరికీ తెలియనిది, ఆ కమిటీ కూర్చోకముందు ఒక రోజు జరిగింది.

"రాసి పంపావు కదా, మళ్ళీ వెళ్ళడమెందుకు?" అన్నాడు అన్నయ్య.

"సభలో అందరి ముందూ నిలబడి అన్నాను. కాగితం మీద చాటుగా వెనక్కి తీసుకుంటానా?"

అన్నయ్యకి స్కూలు యూనిఫారాల తొందర. నన్ను తోడు పంపాడు. రైల్లో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, అనాల్సిన మాటలు నా మీద వల్లెవేసింది.

"ఇలా అంటే ఎలా ఉంటుందయ్యా మరిదీ? 'మిమ్మల్ని క్షమాపణ అడగడానికి వచ్చాను.'"

"పెళ్ళి పిలుపులా ఉంది వదినా."

"పోనీ నువ్వు చెప్పు, రచయితవి కదా."

"'తప్పు నాది' అను. అంతే."

"దాని కోసం నిన్ను టికెట్టు పెట్టి తీసుకురావాలా" అని నవ్వింది, కానీ చేతులు ఒడిలో నలుగుతూనే ఉన్నాయి.

ఆ అమ్మాయి ల్యాబు ఒక పొడవాటి వసారా చివర, గోడకి గొలుసులతో కట్టిన గ్యాసు సిలిండర్ల పక్కన ఉంది. ముప్పై దాటినట్టు లేదు. కళ్ళజోడు కాడకి టేపు చుట్టి ఉంది. వదినని చూడగానే లేచి నిలబడింది, భయంతోనే.

వదిన వల్లెవేసినవన్నీ మర్చిపోయింది. "తప్పు నాదమ్మా" అంది. తీగల సంగతి చెప్పింది. బల్ల కింద పడుకోవడం, అడుగు నుంచి చూడడం, అన్నీ. "మీ బొమ్మలు మొదటినుంచీ సరైనవే. కమిటీకి రాశాను. మీకు ఎదురుగా చెప్పాలని వచ్చాను."

ఆ అమ్మాయి ముఖంలో సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. కుర్చీ వెనక చెయ్యి ఆనించి నిలబడింది.

"మీరు ఆ మాట అన్న సభనుంచి వచ్చి నేనేం చేశానో తెలుసా మేడమ్?"

"చెప్పండి."

"మీరన్నారంటే నాదే తప్పనుకున్నాను. యంత్రం విప్పాను. నా తీగలు సరిగ్గానే ఉన్నాయి. అయినా మీరన్నారు కదా! నా కళ్ళే నాకు సరిగా చూపించడం లేదేమో అనుకుని, రెండు తీగలు మార్చేశాను. మీ బొమ్మలకి సరిపోయేలాగా. అప్పటినుంచి తీసినవన్నీ తిరగబడ్డవే. అచ్చుకి పంపిన వ్యాసం వెనక్కి తీసుకున్నాను. ఏడాదిన్నర మేడమ్. నన్ను నేనే నమ్మలేదు."

వదిన దీనికి సిద్ధపడి రాలేదు. ఉద్యోగం పోతుందేమోనన్న భయానికి మందు తెచ్చింది. ఈ దెబ్బ ఒకటి తగిలిందనే ఆవిడకి తెలియదు. "క్షమించు" అనలేదు. యంత్రం దగ్గరికి నడిచింది. పక్కగదిలో ఏదో పంపు టకటకా కొట్టుకుంటోంది.

అడిగింది: "ఇప్పుడు యంత్రం మూసి ఉందా?"

"లేదు. పంపు బాగుచేయిస్తున్నాను, తెరిచే ఉంది."

"మారుద్దామా?"

ఆ అమ్మాయి చాలాసేపు ఆవిడ ముఖంలోకి చూసింది. తర్వాత సొరుగులోంచి టంకం సామాను తీసింది. సన్నటి టార్చిలైటు ఒకటి తీసి వదిన చేతికిచ్చింది.

"లైటు పట్టుకోండి. తీగల మీద చెయ్యి మాత్రం వెయ్యకండి."

"వెయ్యను."

గొట్టం బయటికి వచ్చింది. వేలెడంతే ఉంది. ఇంతమందిని ఏడిపించింది ఇదా అనిపించింది నాకు. ఆ అమ్మాయి వంగి, వేడి మొన ఆనించింది. పాత టంకం కరిగి మెరిసింది. వదిన లైటు కదలకుండా పట్టుకుంది. మోచెయ్యి ఆనించుకోడానికి చోటు లేదు, చెయ్యి లాగుతూ ఉండాలి. నేను పట్టుకుంటానని సైగ చేస్తే తల అడ్డంగా ఊపింది. మార్చిన రెండు తీగలూ అతికే వరకూ ఆ వెలుగు చుక్క పక్కకి జరగలేదు.

అప్పుడు మైక్రోస్కోపు కింద పెట్టారు. ఆ అమ్మాయి మీట మీద చెయ్యి పెట్టి, "మీరు చూడండి" అంది.

వదిన తల అడ్డంగా ఊపి, మీట వైపుకి జరిగింది. "నువ్వు చూడమ్మా. నేను మీట నొక్కుతాను. ఎటు పోతోందో నువ్వు చెప్పు."

మొదటిసారి 'నువ్వు' అందని నాకు తెలిసింది, ఆవిడకి తెలిసిందో లేదో.

ఆ అమ్మాయి కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కన్ను ఆనించింది. వదిన మీటని కుడికి నొక్కింది.

"కుడి" అంది ఆ అమ్మాయి.

వదిన మళ్ళీ అటే నొక్కింది.

"కుడి" అంది ఆ అమ్మాయి, ఈసారి ఇంకాస్త గట్టిగా.